ఎముకల బలమునకు మూలమేది?

గత శీతకాలమున మేము భైంసాకు వెళ్ళియుంటిమి. అది పత్తి కొనుగోళ్ళ కాలము. మార్కెటు యార్డు ముందు పత్తి నింపిన ట్రాక్టర్లు బారులు తీరియుండెను. 1956 వరకు భైంసా హైదరాబాదు రాష్ట్రమున నాందేడు జిల్లాలో నుండెడిది. ఆ సంవత్సరము ఆదిలాబాదు జిల్లాలో చేరినది; 2016 నుండి నిర్మల్ జిల్లాలో నున్నది. అందువలన ఆ ఊరి అంగడిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడు భాషలును వినబడును. నల్లరేగడి నేల యగుటచే జొన్నరొట్టె అచ్చటి ఇండ్లలో నేటికిని ముఖ్యమైన ఆహారము.

మా పెద్దమ్మ ఆ ఊరిలోనే నివసించుచున్నది. ఆమెకు 70 ఏండ్లు దాటినవి. అంతకు ముందటి వానకాలమున వాకిట కాలు జారి పడగా తుంటి యెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగిన పిదప కర్ర ఊతముతో నాలుగడుగులు వేయుచున్నది. మేము పోయి కూర్చుండగనే ఆమె కొంగుముడి విప్పి యొక గోలీల పట్టీ తీసి మా చేతిలో పెట్టినది.

"బిడ్డా, గీ గోలీలు మింగితె బొక్కలు గట్టివడుతయట. సదువుకున్నోనివి, జెర సూసి చెప్పు. నిజమైతె మింగుత. అబద్ధమైతె పైసలు దండుగ గదా!" అని అడిగెను.

పట్టీ మీద అక్షరములు చదివితిమి. విటమిను-సి, విటమిను-ఇ, బీటా కెరోటిన్, లైకోపీన్, సెలీనియము అని వరుసగా నుండెను. అన్నింటికిని కలిపి 'యాంటీ ఆక్సిడెంట్లు' అని పేరు. వైద్యుడు వ్రాసి యిచ్చినవి కావు. ఎవరో మంచివని చెప్పగా తెచ్చుకొన్నవి. ఇంతలో కోడలు వంటయింటి నుండి వచ్చి, "అన్నా, వీటికే నెలనెలా మస్తు ఖర్చయితున్నది. గందుకే పాపకు పాలు బంద్ చేసినం" అని మెల్లగా చెప్పెను. ఆ పాపకు 12 ఏండ్లు.

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. వృద్ధురాలి ఎముకలు గట్టిపడునను ఆశతో, ఎదుగుచున్న పిల్ల యెముకలకు పోవలసిన పాలు నిలిచిపోయినవి. కావున పెద్దమ్మ యడిగిన ప్రశ్నకు నేటి విజ్ఞానము ఏమి సమాధాన మిచ్చుచున్నదో శ్రోతలకు నివేదింప దలచితిమి.

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. మన యెముక రాయి వంటి జడ పదార్థము కాదు. అందులో పాత యెముకను కరగించు కణములును, క్రొత్త యెముకను కట్టు కణములును నిత్యము పని చేయుచునే యుండును. బాల్యమునందును, యౌవనమునందును కట్టుబడి యెక్కువ, కరుగుదల తక్కువ. సుమారు 30 ఏండ్ల నాటికి ఎముకల నిధి నిండును. ఆ తరువాత మెల్లగా ఖర్చు మొదలగును. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజన్ అను హార్మోను తగ్గుటచే ఆ ఖర్చు వేగము పుంజుకొనును. నిధి మిక్కిలి తరిగి, ఎముక లోపల బోలుగా మారి, చిన్న తాకిడికే విరుగు స్థితిని ఆస్టియోపోరోసిస్ అందురు. తెలుగున బోలు ఎముకల వ్యాధి అనుచున్నాము. విరుగు వరకు నొప్పి యుండదు. తుంటి, వెన్నుపూస, మణికట్టు ముఖ్యముగా విరుగుచుండును. ఆరోగ్యవంతులైన యువజనుల సగటు సాంద్రత కంటె 2.5 ప్రామాణిక విచలనములు లేక అంతకు మించి తక్కువగా నున్నచో ఈ వ్యాధి యున్నట్లు గణింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించెను.

ఇది ధనవంతుల వ్యాధి యనియో, పాశ్చాత్యుల వ్యాధి యనియో భావింపరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టరు వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు తక్కువ ఆదాయము గల 289 మంది స్త్రీలను పరిశీలించి 2005లో ఫలితములను ప్రకటించిరి. ఆ స్త్రీల వయస్సు 30 నుండి 60 ఏండ్ల లోపు. తుంటి యెముక మెడ భాగమున బోలుతనము నూటికి సుమారు 29 మందిలో కనిపించినది. వారి ఆహారములో దినమునకు లభించు కాల్షియము సుమారు 270 మిల్లీగ్రాములు మాత్రమే. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెనని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి సూచించినది. అనగా కావలసిన దానిలో మూడవ వంతు కూడ ఆ తల్లులకు అందుట లేదు.

ఇక యాంటీ ఆక్సిడెంట్ల సంగతి. మనము పీల్చు ప్రాణవాయువు శరీరమున ఇంధనమును మండించునపుడు కొన్ని చురుకైన కణములు పుట్టుచుండును. అవి మితి మీరినచో జీవకణములకు హాని చేయును. ఇనుమునకు తుప్పు పట్టుటతో దీనిని పోల్చుట కలదు. ఈ హానిని అడ్డగించు పదార్థములే యాంటీ ఆక్సిడెంట్లు. నారింజ, ఉసిరి, జామ, టమాట, క్యారెట్టు, ఆకుకూరలు వీటికి నిలయములు. ప్రయోగశాలలలో జరిపిన పరిశోధనలలో, ఆ చురుకైన కణములు పెరిగినపుడు ఎముకను కరగించు కణముల పని హెచ్చుట కనిపించినది. విటమిను-సి లేనిదే ఎముకకు మూలాధారమైన కొల్లాజెన్ అను ప్రొటీను సరిగా ఏర్పడదు. ఇవి నిజములే. కావున యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువగా తీసికొన్నచో ఎముకలు గట్టిగా నుండునని శాస్త్రజ్ఞులు ఊహించుట సహజము.

జన సముదాయములను పరిశీలించినపుడు ఆ ఊహకు కొంత బలము చేకూరినది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున వృద్ధులను 17 ఏండ్ల పాటు గమనించి 2009లో ప్రకటించిన నివేదికలో, విటమిను-సి ఎక్కువగా తీసికొన్నవారికి తుంటి విరుగుట తక్కువగా నున్నట్లు తేలినది. ఇటువంటి వార్తలే వాడుకలోనికి వచ్చి, కొంత కాలమునకు గోలీల పట్టీల మీదికి ఎక్కును.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. భైంసాలోనే రెండు ఇండ్లను ఊహించుకొందము. ఒక యింట ప్రతిదినము పండ్లు, కూరగాయలు కొందురు. ఆ యింట పాడి గేదె కలదు. పప్పు, పెరుగు, గ్రుడ్లు లోటు లేదు. ఇంటి గచ్చు చదునుగా నుండును. జబ్బు చేసిన వెంటనే వైద్యునికి చూపించుకొందురు. రెండవ యింట రొట్టె, కారము, పలుచని పప్పు. ఆ యింటి ఇల్లాలు పగలంతయు నీడపట్టున కూర్చుండి బీడీలు చుట్టును. నలుగురు బిడ్డలను కని పాలిచ్చి పెంచినది. మొదటి యింటి స్త్రీకి ముసలితనమున ఎముకలు గట్టిగా నున్నచో, అది ఆమె తిన్న నారింజ వలననా, పాల వలననా, పప్పు వలననా, మొత్తము సంసారపు స్థితి వలననా? ఆమె రక్తమును పరీక్షించినచో విటమిను-సి యెక్కువగా నుండును. కాని అది బలమునకు కారణమా, లేక కలిగిన యింటికి గుర్తు మాత్రమేనా? గుర్తును కారణమని పొరపడుట మనుష్యులకు మిక్కిలి సులభము.

ఈ పొరపాటు ఎంత దూరము పోగలదో ఫిన్లండు దేశమున జరిగిన యొక ప్రయోగము తెలుపును. బీటా కెరోటిన్ ఎక్కువగా నున్న ఆహారము తినువారికి ఊపిరితిత్తుల కాన్సరు తక్కువగా నున్నదని పూర్వపు పరిశీలనలు చెప్పినవి. అంతట 1985లో ప్రారంభించి, పొగ త్రాగు పురుషులను 29,133 మందిని తీసికొని, చీటీల పద్ధతిని విభజించి, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిను-ఇ, కొందరికి రెండును ఇచ్చిరి. మిగిలినవారికి మందు లేని గోలీలు ఇచ్చిరి. ఫలితములు 1994లో వెలువడినవి. బీటా కెరోటిన్ మింగినవారిలో కాన్సరు తగ్గకపోగా నూటికి 18 వంతులు పెరిగినది. కూరగాయలలో నున్నపుడు మేలునకు గుర్తుగా కనిపించిన పదార్థము, విడదీసి గోలీగా మ్రింగినపుడు పొగ త్రాగువారికి కీడు చేసినది. ఎముకల విషయమునను ఇట్టి జాగ్రత్త అవసరమే. విటమిను-ఎ లోని రెటినాల్ అను రూపమును మితి మీరి తీసికొన్న స్త్రీలలో తుంటి విరుగుట హెచ్చుగా నున్నట్లు 72,337 మంది అమెరికను నర్సులను గూర్చిన పరిశీలన 2002లో తెలిపినది. ఇదియు గమనించి చెప్పిన మాటయే కాని ప్రయోగము కాదు. అయినను జంతువులపై జరిపిన ప్రయోగములు దానిని బలపరచుచున్నవి.

ఎముకల వ్యాధి 30, 40 ఏండ్ల పాటు మెల్లగా సాగునది. అంత కాలము వేలమందికి గోలీలిచ్చి పరీక్షించుట దుస్సాధ్యము. మరి కారణమును, గుర్తును వేరు చేయుట యెట్లు? ఇచ్చటనే జన్యుశాస్త్రము సహాయమునకు వచ్చినది.

గ్రెగర్ మెండెల్ అను సన్యాసి బఠాణీ మొక్కలపై ప్రయోగములు చేసి 1866లో వంశపారంపర్య సూత్రములను ప్రకటించెను. తల్లికి గల రెండు జన్యు ప్రతులలో నొకటి, తండ్రికి గల రెండింటిలో నొకటి బిడ్డకు సంక్రమించును. ఏది వచ్చుననునది చీటీలు వేసినట్లే. ఆ చీటీకి ధనము తెలియదు, కులము తెలియదు, కూరగాయల ధర తెలియదు. పుట్టుకకు ముందే చీటీ పడును గనుక, తరువాత వచ్చిన వ్యాధి దానిని మార్చజాలదు. హాలండు శాస్త్రజ్ఞుడు మార్టిన్ కటన్ 1986లో ఈ చీటీని వ్యాధి కారణములను పరీక్షించుటకు వాడవచ్చునని సూచించెను. 2003లో బ్రిస్టలు విశ్వవిద్యాలయమునకు చెందిన జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం అను శాస్త్రజ్ఞులు దానిని ఒక పద్ధతిగా వివరించిరి. మెండెల్ పేరనే ఆ పద్ధతికి 'మెండీలియన్ రాండమైజేషన్' అని పేరు వచ్చినది.

ఒక ఉదాహరణము చెప్పుదుము. విటమిను-సిని వృథాగా పోనీయక తిరిగి రక్తములోనికి చేర్చు ప్రొటీను నొకదానిని ఎస్.ఎల్.సి.23ఏ1 అను జన్యువు తయారు చేయును. ఈ జన్యువులో నొక చిన్న మార్పుతో పుట్టినవారి రక్తములో విటమిను-సి జీవితాంతము కొంచెము తక్కువగా నుండును. వారు పేదలు కానక్కరలేదు, కూరలు మానినవారు కానక్కరలేదు. వారి చీటీ అట్లు పడినది. అట్లే బి.సి.ఓ.1 అను జన్యువు బీటా కెరోటిన్‌ను విటమిను-ఎ గా మార్చు పనికి సంబంధించినది. అందలి మార్పులను బట్టి రక్తములోని కెరోటిన్ హెచ్చుతగ్గు లగును. ఇప్పుడు ప్రశ్న తేటపడినది. విటమిను-సియే స్వయముగా ఎముకలను కాపాడుచున్నచో, పుట్టుకతోనే అది తక్కువగా నున్నవారిలో బోలు ఎముకలు ఎక్కువగా కనిపింపవలెను. కనిపింపనిచో, పూర్వము మనము చూచినది గుర్తే కాని కారణము కాదని అనుమానింపవలెను.

ఇటీవలి సంవత్సరములలో లక్షలమంది జన్యు వివరములు సేకరింపబడుటచే, విటమినులు ఎ, సి, ఇ, బీటా కెరోటిన్, లైకోపీన్ మొదలగువానిని ఈ విధముగా పరీక్షించుట సాధ్యమైనది. ఆహారము నుండి వచ్చు యాంటీ ఆక్సిడెంట్లు రక్తమున ఎక్కువగా నుండుట బోలు ఎముకల వ్యాధి నుండి స్వయముగా కాపాడునని చెప్పుటకు తగిన దృఢమైన జన్యు సాక్ష్యము ఇంతవరకు లభింపలేదు. నారింజ తినువారి ఎముకలలో మనకు కనిపించిన మేలులో చాల భాగము నారింజది కాక, నారింజ కొనగల జీవితమునది కావచ్చును.

మరి జన్యువులు దేనిని కారణముగా చూపుచున్నవి? 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన యొక పెద్ద పరిశోధనలో ఎముక విరిగిన 37,857 మందిని, విరుగని 2,27,116 మందిని మొదట పోల్చిరి. ఎముక విరుగుటకు సంబంధించిన 15 జన్యు స్థానములు బయటపడినవి. ఆ 15 స్థానములును ఎముక సాంద్రతకు సంబంధించినవే. అనగా యౌవనములో నింపుకొన్న ఎముకల నిధి, దానిని నిలుపుకొను విధము — ఇవియే ముఖ్యములు.

శ్రోతలలో జాగ్రత్త గలవారికి ఇచ్చట ఒక సందేహము కలుగవలెను. ఆ 2018 నాటి పరిశోధనయే విటమిను-డి గాని, పాల ద్వారా లభించు కాల్షియము గాని జన్యువుల వలన కొంచెము తక్కువైనంత మాత్రమున ఎముకలు ఎక్కువగా విరుగుట కనిపింపలేదని కూడ చెప్పినది. అమెరికాలో 25,871 మందిపై జరిగి, 2022లో ప్రకటింపబడిన ప్రయోగముయొక్క ఫలితమును అట్టిదే. విటమిను-డి గోలీలు ఎముకలు విరుగుటను తగ్గింపలేదు. అట్లయినచో భైంసాలోని పాప పాలు మానినను నష్టము లేదా?

ఈ ప్రశ్నను దాటిపోరాదు. ఆ జన్యు పరిశోధనలలో అధిక భాగము ఐరోపా సంతతివారివి. ఆ ప్రయోగములో పాల్గొన్నవారును విటమిను-డి కొరత యున్నదని చూచి యెన్నుకొనబడినవారు కారు. నిండిన కుండలో మరి నాలుగు చెంబులు పోసినను నీరు పొరలి పోవునే కాని నిలువదు. అంత మాత్రమున ఎండిన కుండకు నీరక్కరలేదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. దినమునకు 270 మిల్లీగ్రాముల కాల్షియముతో జీవించు స్త్రీల కుండ నిండినది కాదు. కావున ఆ పరిశోధనలు చెప్పునది 'చాలినంత యున్నవారికి అదనపు గోలీల వలన లాభము లేదు' అని. 'లేనివారికి ఆహారము అక్కరలేదు' అని కాదు. విటమిను-సి విషయమునను ఇదే న్యాయము. దానికి ఘోరమైన కొరత వచ్చినచో స్కర్వీ యను వ్యాధి వచ్చి, ఎముకలకును హాని కలుగును. కూరలు, పండ్లు తినుట అవసరమే. గోలీ రూపమున అధికముగా మింగినంతనే ఎముక గట్టిపడునను మాటకే ఆధారము లేదు.

మన ఎముకలను గూర్చి మన నేల మీద జరిగిన పరిశోధనలు ఏమి చెప్పినవో చూతము. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను వైద్యులు లాన్సెట్ పత్రికలో నొక వ్యాసము ప్రకటించిరి. ఫ్లోరైడు నీటి పీడ గల ప్రాంతమున పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవుటయు, ఎముకలు బోలుబారుటయు వారు వర్ణించిరి. త్రాగు నీటిలోని ఫ్లోరైడు వలన మన ప్రాంతములలో నల్లగొండ జిల్లా ఎంత బాధపడినదో శ్రోతలకు తెలిసినదే. అచ్చటి పిల్లల ఎముకలను ఏ గోలీయు నిలబెట్టజాలదు. బావి నీటిని మార్చవలసి యుండెను. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టరు హరినారాయణ్, సహచరులు 2008లో ప్రకటించిన పరిశీలనలో, ఏడాది పొడవున ఎండ కాయు మన దేశముననే పట్టణవాసులకును, గ్రామవాసులకును విటమిను-డి తక్కువగా నున్నట్లు తేలినది. హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో 1987 నుండి 1990 వరకు కొన్ని గ్రామముల గర్భిణీలకును, చిన్న పిల్లలకును అదనపు ఆహారము అందజేసి, ఆ పిల్లలు పెద్దవారైన పిదప కూడ గమనించిన యొక దీర్ఘ పరిశోధన కలదు. మెండెల్ పద్ధతిని వివరించిన ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులును దానిలో భాగస్వాములే. ఆ గ్రామముల వారిలో శరీరమున కండ యెక్కువగా నున్నచోట తుంటి యెముక సాంద్రతయు ఎక్కువగా నున్నట్లు గమనించిరి. కండకు పప్పు, పాలు, గ్రుడ్లు కావలెను, కాయకష్టమును కావలెను.

ఇప్పుడు భైంసా వంటింటికి మరల వత్తము. జొన్న మంచి ధాన్యమే. కాని నూరు గ్రాముల జొన్నలలో కాల్షియము సుమారు 25 మిల్లీగ్రాములు మాత్రమే. రొట్టెను నమ్ముకొని ఎముకను కట్టలేము. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కలదు. మునగాకులోను అట్లే 300 మించి యుండును. పొట్టుతోనున్న నువ్వులలో నూరు గ్రాములకు వేయి మిల్లీగ్రాములు మించినను, పొట్టులోని ఆగ్జాలిక్ ఆమ్లము అందులో కొంత భాగమును పట్టి యుంచును. పాలలో నూరు గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాములు. అది శరీరమునకు సులభముగా పట్టును. అర లీటరు పాలతో దినమునకు 600 మిల్లీగ్రాములు లభించును. పాలు దొరకని యింట వారమునకు నాలుగు నాళ్ళు రాగి అంబలి, పప్పులో మునగాకు, పిల్లల చేతికి నువ్వుల ముద్ద ఇచ్చుట మంచిది. వంటకు పప్పు పలుచన గాకుండ చూచుకొనవలెను.

బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రకు మా మనవి యొకటి. పగలంతయు ఇంటి నీడలో కూర్చుండక, పదకొండు గంటల నుండి రెండు గంటల లోపున కొంతసేపు చేతులకు, కాళ్ళకు ఎండ తగులునట్లు వాకిట కూర్చుండుట మంచిది. వేసవి మండుటెండ వేరు. అప్పుడు జాగ్రత్త కావలెను. మన దేహచ్ఛాయ కొంచెము నలుపగుటచే విటమిను-డి తయారగుటకు తెల్లవారికంటె ఎక్కువ సేపు పట్టును. నడుము నిలిపి నడచుట, బరువు మోయు పనులు చేయుట ఎముకలకు ఆజ్ఞ వంటిది. కదలని యెముక కరుగును. పొగ త్రాగుట, మద్యపానము ఎముకలకు శత్రువులు.

వృద్ధుల విషయమున మరియొక మాట. తుంటి విరుగుటకు బోలుతనమే కాక పడిపోవుటయు కారణము. వాకిలి పాచి పట్టకుండ కడుగుట, రాత్రివేళ దారిలో దీపము, స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీ, చూపు తగ్గినచో కళ్ళద్దములు — ఇవి చౌకైన వైద్యములు. తేలికగా పడి యెముక విరిగినవారు వైద్యుని కడకు పోయి డెక్సా అను పరీక్ష చేయించుకొనవలెను. రోగము నిర్ధారణమైన పిదప దానికి తగిన మందులు కలవు. వైద్యుడు వ్రాసిన కాల్షియము గాని, విటమిను-డి గాని, ఇతర మందు గాని మా మాట విని మానరాదు. మేము చెప్పునది వైద్యుని సలహా లేక అంగడిలో కొనుక్కొన్న గోలీల సంగతి మాత్రమే.

ఆ సాయంకాలము పెద్దమ్మ ప్రశ్నకు మేము ఇంత విపులముగా చెప్పలేదు. పట్టీ మరల ఆమె చేతిలో పెట్టి, "పెద్దమ్మా, నీ బొక్కలకు వీటి వలన లాభముండునని నమ్ముటకు సాక్ష్యము లేదు. దవాఖానలో రాసిచ్చిన మందు విడువకు. ఈ పైసలు పాపకు పాలకు పెట్టించు. దాని బొక్కలకు ఇదే కాలము; నీ వయస్సు వచ్చిననాడు అది నిలబడవలెను" అని చెప్పితిమి. పెద్దమ్మ కొంతసేపు మాటాడలేదు. తరువాత కోడలిని పిలిచి, "రేపటి సంది పాలు వోయించు, పిల్లకు. నాకు ఎండల మంచం ఎయ్యి" అని చెప్పినది.

శ్రోతలారా, మన యిండ్లలో డబ్బు పరిమితము. ఒక చోట ఖర్చు చేసినది మరియొక చోట తగ్గును. ఏ వస్తువు బలమునకు గుర్తు, ఏది కారణము అని తెలిసికొనుట శాస్త్రజ్ఞులకే గాక గృహిణులకును అవసరమైన విద్య. మీ యింట ఏ గోలీ అయినను నెలనెలా కొనుచున్నచో, దాని కొరకు ఎవరి పళ్ళెములో ఏమి తగ్గినదో ఒక్కసారి చూచుకొనుడు.